చాకు కొనేముందు కీలు చూడండి

గోదాము గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు జేబులో చాకు ఉంటే, అది ఏం కోస్తుంది? లారీ టార్పాలిన్‌కు బిగుసుకుపోయిన నైలాన్ తాడు, పెట్టెల చుట్టూ వేసిన ప్లాస్టిక్ పట్టీ, కేబుళ్ళకు బిగించిన జిప్ టై, గాలికి చిరిగి గేటుకు చుట్టుకున్న ఫ్లెక్సీ. సంక్రాంతి రోజుల్లో అయితే పిట్ట కాళ్ళకు చిక్కుపడ్డ చైనా మాంజా. ఎప్పుడో ఒకసారి, ఎదురు రోడ్డు మీద కారు బోల్తా పడితే, సీటు బెల్టు. సినిమాల్లో చాకు చేసే పని మాత్రం ఇందులో ఎక్కడా కనబడదు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇన్ని పనులు చేయాల్సిన వస్తువును కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘ఏం స్టీలండీ?’ అని. అమ్మేవాడు డి2 అనో, ఎస్30వి అనో అక్షరాలూ అంకెలూ కలిపి ఒక పేరు చెబుతాడు. పేరు ఎంత అర్థం కాకపోతే చాకు అంత గొప్పదనిపిస్తుంది. నా లెక్కలో అది అడగాల్సిన మూడో ప్రశ్న. మొదటిది కీలు గురించి. రెండోది, వాదర వెనక ఉక్కు ఎంత పల్చగా ఉందన్నది.

మడత చాకంటే ఒకరకంగా నడుం విరిచిన కత్తి. విరిచేసి, మళ్ళీ విరగనట్టే ఉండమని అడుగుతున్నాం. ఈ కోరిక పాతదే. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన మడత కత్తి సుమారు 2,500 ఏళ్ళ నాటిది. రోమన్ల దగ్గరా ఇలాంటివి ఉండేవి. తెరిచిన బ్లేడును తెరిచినట్టే నిలబెట్టే మంచి ఉపాయాల్లో చాలామటుకు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే వచ్చాయి.

అది ఎందుకంత కష్టమో చిన్న లెక్క చెబుతుంది. బ్లేడు వీపు మీద, ఇరుసుకు 60 మిల్లీమీటర్ల దూరాన, 10 కిలోల బరువు పడిందనుకుందాం. లాకు బ్లేడును ఆనుకునే చోటు ఇరుసుకు ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. దూరం పదో వంతు కాబట్టి అక్కడ బలం పదింతలవుతుంది, అంటే వంద కిలోలు. తలుపును అంచు దగ్గర తోస్తే ఒక వేలు చాలు, మడతబందు పక్కన తోస్తే భుజం పెట్టాలి. లాకు పనిచేయాల్సింది ఆ మడతబందు పక్కనే, అదీ గోరంత లోహంతో.

అయితే ఆ వంద కిలోలు రోజూ పడవు. తాడు కోసేటప్పుడు బలమంతా బ్లేడును ఇంకా తెరిచే దిక్కులోనే తోస్తుంది. దాన్ని మోసేది లాకు కాదు, బ్లేడు వెనక్కి పోకుండా ఆపే చిన్న మొల. లాకు మీద భారం పడేది పని గాడి తప్పినప్పుడు: మందమైన అట్టలో ఇరుక్కున్న బ్లేడును పైకి లాగుతాం, డబ్బా మూతను మొనతో పెకలిస్తాం, లేదా దేన్నో పొడవబోతే మొన గట్టి చోట తగులుతుంది. అప్పుడు బ్లేడు మూసుకునే దారిలో మన వేళ్ళుంటాయి. ఈ మూడూ చేయనివాడికి లాకు లేని చాకు సరిపోతుంది. కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టిన విక్టోరినాక్స్ చిన్న చాకుల్లో ఎక్కువ వాటికి ఈనాటికీ లాకు ఉండదు. వెనకనున్న పట్టీ స్ప్రింగు ఒత్తి పట్టుకుంటుందంతే. పళ్ళు కోయడానికీ ఉత్తరాలు చించడానికీ అది చాలు. చీకట్లో, హడావిడిలో, చేతి తొడుగులతో పనిచేసే గార్డుకు చాలదు.

లాకుల్లో బాగా సులువుగా అర్థమయ్యేది ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతపు ఒపినెల్. 1890 నుంచి వస్తున్న ఈ కొయ్యపిడి చాకుకు 1955లో ఒక ఉంగరం తగిలించారు. బ్లేడు తెరిచాక దాన్ని తిప్పితే మూసుకునే దారి పూడిపోతుంది. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు, కానీ మూయాలంటే రెండు చేతులూ కావాలి. 1964లో అమెరికాలో వచ్చిన బక్ 110 వీపులాకుకు పేరు తెచ్చింది. పిడి వీపున ఉన్న ఇనుప కడ్డీ కొక్కెం బ్లేడు మడమలోని గాడిలో పడుతుంది. బరువెక్కువ, నమ్మకమూ ఎక్కువ.

ఇప్పుడు బజారులో ఎక్కువగా కనబడేది లైనర్ లాకు. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల తయారీదారు దీనికి నేటి రూపం ఇచ్చాడు. చాకు తెరిచి పిడి లోపలికి చూడండి. పిడి గోడ వెంట ఒక పల్చటి లోహపు రేకు, స్ప్రింగులా వంగి, బ్లేడు మడమ వెనక్కి వచ్చి నిలబడి ఉంటుంది. మడమ ముఖం నిటారుగా ఉండదు. ఏడెనిమిది డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది. బ్లేడు మూసుకోబోతే ఆ వాలు రేకును పక్కకు నెడుతుంది, రేకుకూ మడమకూ మధ్య రాపిడి ఆ నెట్టుడును అడ్డుకుంటుంది. ఎవరు గెలుస్తారన్నది కోణం తేలుస్తుంది. ఎనిమిది డిగ్రీల వాలు జారిపోకుండా నిలవాలంటే ఘర్షణ గుణకం 0.14 ఉండాలి. పొడిగా ఉన్న లోహాల మధ్య అది సాధారణంగా అంతకు మించే ఉంటుంది, కనుక లాకు నిలుస్తుంది. వాలు ఎక్కువైతే జారుతుంది, మరీ తక్కువైతే ఇరుక్కుని వేలికి రాదు. అంటే మీ వేళ్ళ భద్రత ఒకటి రెండు డిగ్రీల మీద ఆధారపడి ఉంది. చవక చాకుల్లో సాధారణంగా గురి తప్పేది అక్కడే. ఎంత గొప్ప స్టీలు వేసినా ఆ తప్పు సర్దుకోదు.

రేకుకు బదులు పిడి గోడనే చీల్చి స్ప్రింగుగా వాడితే అది ఫ్రేమ్ లాకు. మడమ మీదికి ఒక అడ్డకడ్డీని స్ప్రింగులతో నెట్టి పట్టి ఉంచితే అది క్రాస్‌బార్ లాకు. 1998లో బెంచ్‌మేడ్ కంపెనీ తెచ్చిన ఈ పద్ధతిని పేటెంటు గడువు తీరాక చాలామంది వాడుతున్నారు. ఎడమచేతివాటం వాళ్ళకూ ఇది అనుకూలం, మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోకి రాదు. గార్డులకు నేను చెప్పేది వీపులాకు, లేదంటే ఇది.

కొట్లో చూడాల్సింది ఇంతే. బ్లేడు తెరిచి అటూ ఇటూ, పైకీ కిందికీ కదపండి. పక్కకు కాస్త కదిలితే ఇరుసు మర బిగిస్తే సరిపోతుంది. వీపు మీద నొక్కినప్పుడు పైకీ కిందికీ ఆడితే ఆ చాకు అక్కడే పెట్టేయండి. వేళ్ళు దారిలో లేకుండా పట్టుకుని, వీపును బల్ల అంచు మీద ఆనించి నిదానంగా భారం వేయండి. కొందరు వీపుతో బల్లను ఠపాఠపా కొట్టి పరీక్షిస్తారు. మంచి లాకును కూడా పాడు చేసే పద్ధతి అది. ఇంకొకటి: బాల్ బేరింగుల మీద తిరిగే చాకు కొట్లో సుతారంగా తెరుచుకుంటుంది, సిమెంటు దుమ్ములో నెల తిరిగాక కరకరలాడుతుంది. కంచు వాషర్ల మీద తిరిగేది మొదట్లో బిగువుగా అనిపించినా దుమ్మును బాగా ఓర్చుకుంటుంది.

ఇక వాదర. పదును అనేది ఉక్కు గుణం కాదు, ఆకారం. బాగా పదునున్న వాదర కొస గుండ్రనితనం ఒక మైక్రాన్ కన్నా తక్కువ. తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు. మన చేతి బలమంతా అంత ఇరుకు గీత మీద పడుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పదార్థం ఓర్వలేనంతగా పెరుగుతుంది. అయితే అట్టలోకి బ్లేడు ఒక సెంటీమీటరు దిగాక పని వాదరది కాదు, దాని వెనక ఉన్న ఉక్కుది. ఆ ఉక్కు అట్టను రెండు పక్కలకూ విడదీసుకుంటూ పోవాలి. మందంగా ఉంటే ఎంత పదునున్నా బిగుసుకుంటుంది. వాదర వెనక అర మిల్లీమీటరు దాటని చాకు సాదా ఉక్కుదైనా, అంతకు రెండింతలున్న ఖరీదైన చాకు కన్నా హాయిగా కోస్తుంది. బలంగా కనబడాలని వీపు నాలుగు మిల్లీమీటర్ల మందాన చేసిన ‘టాక్టికల్’ చాకులు టమాటాను కోయవు, చీలుస్తాయి.

నొక్కడం కన్నా లాగుతూ కోయడం సులువని వంట చేసే ప్రతివాళ్ళకూ తెలుసు. ఎందుకన్నది లెక్కగట్టినవాళ్ళలో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయపు టోనీ ఆట్కిన్స్ ఒకరు. 2004లో ఆయన బృందం చీజు, సలామీ ముక్కల మీద ప్రయోగాలు చేసి చూపింది. బ్లేడు కిందికి దిగే వేగంతో పోలిస్తే పక్కకు జరిగే వేగం పెరిగేకొద్దీ కిందికి నొక్కాల్సిన బలం వేగంగా పడిపోతుంది. చీల్చడానికి కావలసిన పనిలో కొంత పక్కకు లాగే కదలికే చేసిపెడుతుంది. బ్లేడు పొట్ట దగ్గర వంపు ఉండటం వల్ల లాభం ఇదే. మరీ పొట్టి చాకుతో తాడు కోయడం కష్టం కావడానికి కారణమూ ఇదే, లాగడానికి పొడవు చాలదు. ఏడు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే రోజువారీ పనికి లోటుండదు.

పదును పోయే తీరు ఇంకా వింత. 2020లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు గడ్డం గీసే బ్లేడు వెంట్రుకను కోస్తుండగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. ఉక్కు కన్నా సుమారు యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక దాని అంచు నుంచి పెచ్చులు రాల్చింది. వెంట్రుక వంగి, ఏటవాలుగా తగిలి, అంచులో ఉక్కు నిర్మాణం ఒకలా లేని చోట ఒత్తిడి పోగైతే పెచ్చు లేస్తుందని తేల్చారు. ఉక్కు లోపల ఎలా ఉందన్నది అప్పుడు లెక్కలోకి వస్తుంది. అందుకే స్టీలు మూడో ప్రశ్న, అనవసరమైన ప్రశ్న కాదు.

ఇనుములో కాస్త కార్బన్ ఉంటే ఉక్కు. చాకుల స్టెయిన్‌లెస్ రకాలను వెయ్యి డిగ్రీలు దాటేలా కాల్చితే కార్బన్ పరమాణువులు ఇనుప స్ఫటికాల్లోకి కరిగిపోతాయి. ఒక్కసారిగా చల్లారిస్తే బయటికి వచ్చే వ్యవధి లేక అక్కడే చిక్కుపడతాయి. స్ఫటికం సాగదీసినట్టు బిగుసుకుంటుంది. దాన్ని మార్టెన్సైట్ అంటారు. గాజులా పెళుసు. మళ్ళీ రెండు వందల డిగ్రీల దగ్గర కాసేపు కాచితే కొంత బిగువు సడలి చాకుకు పనికొచ్చే ఉక్కవుతుంది. గట్టితనాన్ని రాక్‌వెల్ కొలత మీద చెబుతారు: వజ్రపు శంకువును 150 కిలోల బరువుతో నొక్కి ఎంత లోతు దిగిందో చూస్తారు. విక్టోరినాక్స్ వంటి స్విస్ చాకులు 56 దగ్గర ఉంటాయి, ఖరీదైనవి 60 దాటుతాయి. పైకి పోయేకొద్దీ వాదర ఎక్కువ రోజులు నిలుస్తుంది, పక్కకు తిప్పితే విరిగే భయమూ పెరుగుతుంది. ఒకే పేరున్న స్టీలును ఒక కార్ఖానా బాగా కాచి, ఇంకోటి తొందరపడితే అవి రెండు వేరువేరు చాకులు. బ్లేడు మీద స్టీలు పేరు చెక్కుతారు, కాచిన తీరు ఎవరూ చెక్కరు.

దీనికి తోడు కార్బైడ్లు. కార్బన్ కొంత క్రోమియంతోనో వెనేడియంతోనో కలిసి ఉక్కులో సన్నటి గట్టి రేణువులుగా మిగులుతుంది. అట్టపెట్టెల్లో పేరుకునే దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి మార్టెన్సైట్ కన్నా గట్టివి. అట్ట కోస్తే చాకు అంత త్వరగా మొద్దుబారేది అందుకే. ఇసుకను తట్టుకునేది కార్బైడ్ రేణువు. నాలుగు శాతం వెనేడియం ఉన్న ఎస్30వి లాంటి ఉక్కు చాలాకాలం కోస్తుంది. కానీ వెనేడియం కార్బైడు మామూలు సానరాయి కన్నా గట్టిది, దాన్ని సరిగ్గా నూరాలంటే వజ్రపు పలక కావాలి. అది లేనివాడికి సులువుగా నూరుకునే 14సి28ఎన్ లాంటి సాదా ఉక్కే మేలు. మొద్దుబారిన ఖరీదైన చాకు కన్నా ప్రమాదకరమైనది లేదు. పదును లేనప్పుడే బలం వేస్తాం, బలం వేసినప్పుడే జారుతుంది.

వెనేడియం మాట వచ్చింది కాబట్టి, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం గుర్తుకు రాక తప్పదు. 19వ శతాబ్దం మొదట్లో కూడా అక్కడి మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. దక్షిణాదిన చేసిన అలాంటి ఉక్కుతో సాగగొట్టిన డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలెలా వస్తాయో అమెరికన్ లోహశాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి 1998లో వివరించారు. ముడి ఖనిజంతో పాటు వచ్చిన వెనేడియం వంటి మూలకాలు, లక్షకు కొద్ది పాళ్ళు ఉన్నా చాలు, కార్బైడ్లను వరుసలు కట్టిస్తాయి. ఆ ఉక్కు కాచినవాళ్ళకు వెనేడియం పేరు తెలియదు. ఏ గని మన్నుతో మంచి ఉక్కు వస్తుందో మాత్రం తెలుసు.

విశాఖలోనో కాకినాడలోనో పనిచేసేవారికి తుప్పు సంగతి ఇంకా ముఖ్యం. ఉప్పుగాలి, చెమట రెండిటిలోనూ తుప్పుకు తోడుపడే క్లోరైడ్ ఉంటుంది. ఉక్కులో 10.5 శాతానికి పైగా క్రోమియం ఉంటే పైన కంటికి కనబడని ఆక్సైడ్ పొర ఏర్పడి కాపాడుతుందంటారు. మరి 12 శాతం ఉన్న డి2 ఎందుకు తుప్పు పడుతుంది? ఒకటిన్నర శాతం కార్బన్ ఆ క్రోమియంలో చాలా భాగాన్ని కార్బైడ్లుగా లాగేసుకుంటుంది. అక్కడ బందీ అయిన క్రోమియం పొర కట్టడానికి అందుబాటులో ఉండదు. లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించగా 2021లో వచ్చిన మాగ్నాకట్ ఉక్కులో క్రోమియం 11 శాతం లోపే. అయినా డి2 కన్నా ఎంతో బాగా తుప్పును తట్టుకుంటుంది, క్రోమియం కార్బైడ్లు ఏర్పడకుండా మిశ్రమాన్ని కూర్చారు కాబట్టి. శాతాన్ని చూసి మోసపోవద్దనేది ఇందుకే.

జేబు అంచుకు తగిలించే క్లిప్పు, బొటనవేలితో తెరిచేందుకు బ్లేడులో రంధ్రం, రెండూ 1981లో స్పైడర్కో కంపెనీ తెచ్చిన చాకుతో జనంలోకి వచ్చాయి. ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నవాడికి రెండో చేత్తో చాకు తెరుచుకోవడం అవసరం, హంగు కాదు.

ఇప్పుడు సెక్యూరిటీ పని సంగతి. ప్రమాదంలో సీటు బెల్టు కోయాలంటే పొడుగాటి మొన పనికిరాదు, కింద మనిషి ఉంటాడు. వీపు ముందుకు వంగి మొన మొండిగా దిగే షీప్స్‌ఫుట్ బ్లేడు సురక్షితం. కొక్కెంలా ఉండి లోపలి వైపే పదునుండే బెల్టు కట్టరైతే ఇంకా మంచిది. బెల్టు పట్టీ టన్నున్నర లాగుడును తట్టుకునేలా నేసిన పాలిస్టర్. కానీ బిగువుగా ఉన్నప్పుడు ఏటవాలుగా కోస్తే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి, అన్నీ కలిసి ఎదిరించే వీలుండదు. వదులుగా ఉంటే ముందు బిగలాగి కోయాలి.

పిడి చివర అద్దం పగలగొట్టే మొన ఉంటే, అది ఎక్కడ పనిచేస్తుందో తెలిసి ఉండాలి. కారు పక్క అద్దాన్ని ఆరు వందల డిగ్రీలు దాటేలా కాల్చి చల్లగాలితో గబుక్కున ఆర్పుతారు. పైపొర ముందు గట్టిపడి, లోపలి భాగం తర్వాత కుంచించుకోవడంతో పైన నొక్కుడు, లోపల లాగుడు నిలిచిపోతాయి. చేత్తో గుద్దితే ఆ నొక్కుడే కాపాడుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఒక్క చుక్కంత చోట ఆ పొరను దాటి లోపలికి పగులు పంపిందంటే దాచుకున్న శక్తంతా విడుదలై అద్దం మొత్తం పలుకులవుతుంది. మధ్యలో కాదు, మూల దగ్గర కొట్టాలి. ముందు అద్దం మీద ఈ ఉపాయం పారదు, అది రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికినది. 2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఆరు పరికరాలను పరీక్షిస్తే నాలుగు మామూలు పక్క అద్దాన్ని పగలగొట్టాయి, అతుకు అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేదు. కొన్ని కొత్త కార్లకు పక్క అద్దాలూ అతుకువే వస్తున్నాయి.

ఆత్మరక్షణకు? 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషి 21 అడుగులు దాటడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది, నడుముకున్న తుపాకీ తీసి పేల్చడానికీ దాదాపు అంతే. క్లిప్పు నుంచి లాగి, బొటనవేలితో తెరిచి, పట్టు సర్దుకోవాల్సిన మడత చాకు ఆ పందెంలో ఎక్కడుంటుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా దానికి చెయ్యి ముందుకు జారకుండా ఆపే అడ్డు ఉండదు. పొడిస్తే తడిసిన వేళ్ళు సొంత వాదర మీదికే పోతాయి. గార్డుకు టార్చి, ఈల, ఫోను, వెనక్కి తగ్గడానికి దారి, ఇవే ఆయుధాలు. చాకును ఆయుధమని అమ్మే కొట్టు గార్డు మేలు కోరేది కాదు.

చట్టమూ ఈ తేడానే చూస్తుంది. 2016 ఆయుధ నియమాల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవో, రెండు అంగుళాల కన్నా వెడల్పో ఉండి ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ చేయని కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఇంకా కఠినం. బటన్‌తోనో స్ప్రింగుతోనో మరే యంత్ర ఉపాయంతోనో తెరుచుకునేవి 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, అందులోకి వస్తాయి. అందుకే హైదరాబాద్ నుంచి ఢిల్లీ డ్యూటీకి వెళ్ళే గార్డు తన చాకును ఓసారి కొలుచుకోవడం మంచిది. బటన్ నొక్కితే ఠక్కున తెరుచుకునేది ఎక్కడైనా తలనొప్పే. మెట్రో రైల్లో చాకుతో ఎక్కనివ్వకపోవచ్చు, విమానంలో చేతి సంచిలో అసలే కుదరదు. పండగలకూ ఎన్నికలకూ పోలీసు కమిషనర్లు ఇచ్చే నిషేధ ఉత్తర్వులు వేరు. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం గార్డుకు పోలీసు అధికారాలేవీ ఇవ్వదు. కోసే పరికరంతో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద చిన్న గాయానికే మూడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. చాకు ఎందుకు ఉంచుకున్నావంటే ‘పట్టీలు కోయడానికి’ అని చెప్పగలగాలి, దాని రూపం ఆ మాటకు సాక్ష్యం పలకాలి. నల్లరంగు, పుర్రె బొమ్మ, రెండు వైపులా పదును ఉన్న చాకు పలకదు.

కొన్నాక రెండే పనులు. పదును పోతే సానపట్టేవాడి తిరిగే చక్రానికి ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచేంత వేడిలో పల్చటి వాదర రెండు వందల డిగ్రీలు ఇట్టే దాటుతుంది, కార్ఖానా కాచి తెచ్చిన గట్టితనం అక్కడే పోతుంది. కార్బన్ స్టీలు అంచున నీలి రంగు కనబడితే అప్పటికే పోయినట్టు. తడి రాయి మీద, పక్కకు పదిహేను నుంచి ఇరవై డిగ్రీల కోణంలో చేత్తోనే నూరండి. రెండోది, నూనె. ఇరుసుకు ఒక్క చుక్క వేసి, పైకి ఊరినది గుడ్డతో తుడవండి. లైనర్ లాకు చాకైతే రేకు కొస, బ్లేడు మడమ కలిసే ముఖాన్ని స్పిరిట్ అద్దిన దూదితో శుభ్రం చేసి పొడిగా ఉంచండి. ఆ 0.14 లెక్క పొడి లోహానికి హాయిగా సరిపోతుంది, నూనె రాసిన లోహానికి అంచు మీద ఉంటుంది.